ఊపిరితిత్తిలో రక్తం, రక్తంలో చక్కెర



మీ ఊళ్ళో రక్తదాన శిబిరం జరిగినప్పుడు ఎప్పుడైనా దగ్గర నిలబడి చూశారా? దాత బల్లమీద పడుకుంటాడు. పది పదిహేను నిమిషాల్లో 350 మిల్లీలీటర్ల రక్తం సంచిలోకి చేరుతుంది. తర్వాత అతడు లేచి కూర్చుని, రెండు బిస్కెట్లు తిని, టీ తాగి, సైకిలెక్కి ఇంటికి వెళ్ళిపోతాడు. పెద్దవాళ్ళ శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది కనుక అందులో అంత పోయినా ప్రమాదం లేదు.

ఇప్పుడు ఇంకొక మనిషిని ఊహించుకోండి. ఇతడు దగ్గుతూ దగ్గుతూ ఒక గ్లాసెడు రక్తం, అంటే సుమారు 200 మి.లీ., బయటికి తెచ్చాడు. దాత ఇచ్చినదానికంటే ఇది తక్కువే గదా! మరి ఇతణ్ణి చూసి డాక్టరు ఎందుకు పరుగెత్తుకొస్తాడు?

కారణం కొలతల్లోనే ఉంది. ముక్కు మొదలుకొని వాయునాళం, దాని రెండు కొమ్మలు, ఆ కొమ్మలకున్న చిన్న చిన్న రెమ్మలు, ఇవన్నీ కలిపి పట్టే గాలి సుమారు 150 మి.లీ. మాత్రమే. ఈ గొట్టాల్లో వాయువుల మార్పిడి జరగదు. ఇవి వాయుగోణులకు గాలిని చేరవేసే దారులు, అంతే. ఆ దారిలో ఒక గ్లాసెడు రక్తం వచ్చి పడితే ఏమవుతుంది? దారి పూడిపోతుంది. పైగా రక్తం నీళ్ళలాంటిది కాదు, గడ్డకడుతుంది. అందుచేత ఊపిరితిత్తుల నుంచి ఎక్కువగా రక్తం పడే రోగి చాలాసార్లు రక్తం తగ్గిపోయి చనిపోడు, ఊపిరాడక చనిపోతాడు. బావిలో మునిగినవాడికి జరిగేదే ఇతనికి మంచంమీద జరుగుతుంది.

ఈ ఒక్క సంగతి గుర్తుంటే, ముందు చెప్పబోయే వైద్యం ఆ వరసలోనే ఎందుకు జరుగుతుందో మీకే బోధపడుతుంది. అయితే మన పాఠంలోని రోగికి ఇంకొక చిక్కు కూడా ఉంది. అతనికి మధుమేహం, అంటే మన ఇళ్ళల్లో షుగరు అని చెప్పుకొనే జబ్బు ఉంది. వయసు ఇరవై నాలుగు.

అనంతపురం – కదిరి రోడ్డు

అనంతపురం నుంచి కదిరి పోయే రోడ్డుమీద, ధర్మవరం దారి వచ్చి కలిసేచోట మా బత్తలపల్లి ఉంది. ఇప్పుడిది శ్రీ సత్యసాయి జిల్లాలోని ఊరు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురంలో ప్రారంభించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు తర్వాతి కాలంలో ఇక్కడ ఒక ఆసుపత్రి కట్టింది. క్షయ, హెచ్.ఐ.వి. వంటి జబ్బులున్నవాళ్ళు చుట్టుపక్కల పల్లెలనుంచి దానికి వస్తుంటారు.

అదే రోడ్డు పట్టుకుని ముదిగుబ్బ, కదిరి దాటి పోతే మదనపల్లె. ఆ ఊరి పక్కనే ఆరోగ్యవరం. 1915 నాటికే అక్కడ క్షయరోగుల శానిటోరియం నడుస్తూండేది. దానికి మొదటి అధిపతి డెన్మార్కు దేశపు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్. పొడిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండి, ఇవే అప్పటి మందులు. క్షయ క్రిములను 1882 మార్చి 24న రాబర్ట్ కాక్ లోకానికి చూపించినా, వాటిని చంపే మందు మరో అరవై ఏళ్ళకుగాని రాలేదు. ఈ లోపల ఇటలీ వైద్యుడు ఫొర్లానిని ఒక ఉపాయం కనిపెట్టాడు. రొమ్ము గోడకూ ఊపిరితిత్తికీ మధ్యనుండే సందులోకి సూదితో గాలి ఎక్కించి, జబ్బుపడ్డ ఊపిరితిత్తిని బెలూన్ ముడుచుకున్నట్లు ముడుచుకునేలా చేయడం! అలా చేస్తే లోపలి పుండు నొక్కుకుపోయి, కారే రక్తం కూడా కొందరిలో ఆగేది. నాటి శానిటోరియాలలో ఇది మామూలుగా చేసే చికిత్స.

మరి ఆ రోజుల్లో క్షయతోపాటు మధుమేహం కూడా ఉన్న పడుచువాడి గతి ఏమిటి? క్షయకు వైద్యం: బాగా తినాలి. మధుమేహానికి వైద్యం: తినకూడదు. అప్పటికి ఇన్సులిన్ లేదు గనుక, రోగిని దాదాపు పస్తుపెట్టి రక్తంలోని చక్కెరను తగ్గించేవారు. తింటే ఒక జబ్బు పెరుగుతుంది, మానేస్తే ఇంకొకటి పెరుగుతుంది. వైద్యుడి చేతిలో ఏమీ లేని స్థితి అది.

1922 జనవరిలో కెనడాలోని టొరంటో నగరంలో ఈ ముడి విడిపోవడం మొదలైంది. లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ కుర్రవాడికి, అంటే మీ ఈడువాడికే, జనవరి 11న మొట్టమొదటిసారి ఇన్సులిన్ సూది వేశారు. మొదటి మందు శుద్ధమైనది కాకపోవడంతో సరిగా పనిచేయలేదు. కొలిప్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు దాన్ని శుద్ధిచేసి ఇచ్చాక, జనవరి 23న మళ్ళీ వేశారు. చక్కెర దిగింది. పస్తులతో ఎముకల గూడుగా మిగిలిన ఆ పిల్లవాడు మరో 13 సంవత్సరాలు బతికాడు. చివరికి 1935లో అతణ్ణి తీసుకుపోయింది న్యుమోనియా, అంటే ఊపిరితిత్తుల జబ్బే. ఈ రెండింటికీ ఉన్న చుట్టరికం అలాంటిది.

ఒక ఊపిరితిత్తికి రెండు నీటి వసతులు

మీ జీవశాస్త్రం పుస్తకంలో పుపుస ధమని బొమ్మ చూసే ఉంటారు. గుండె కుడివైపు నుంచి చెడు రక్తాన్ని ఊపిరితిత్తులకు తీసుకుపోయేది అదే. నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం దాని గుండా పోతుంది. కాని దానిలో పీడనం చాలా తక్కువ. సగటున సుమారు 15 మి.మీ. పాదరసం.

పుస్తకాల్లో అంతగా కనిపించని రక్తనాళాలు ఇంకొన్ని ఉన్నాయి. వాటిని శ్వాసనాళ ధమనులు అంటారు. ఇవి నేరుగా బృహద్ధమని నుంచి పుట్టి, శ్వాసనాళాల గోడలకు ఆహారం, ఆక్సిజన్ అందిస్తాయి. గుండె పంపే రక్తంలో నూటికి ఒక వంతు మాత్రమే వీటిలో పారుతుంది. అయితే వీటిలో పీడనం మన చేతికి పట్టీ చుట్టి కొలిచే రక్తపీడనమే, అంటే 120/80 దగ్గర!

పొలం భాషలో చెబితే, పుపుస ధమని చెరువు కింది కాలువ. నీళ్ళు బోలెడు, వేగం తక్కువ. శ్వాసనాళ ధమని బోరు మోటారుకు బిగించిన సన్నటి పైపు. నీళ్ళు కొంచెమే, విసురు ఎక్కువ. కాలువ గట్టు చెమర్చితే ఒక చెమ్మె మట్టి అడ్డం వేస్తాం. పైపు పగిలితే చెయ్యి అడ్డం పెట్టినా ఆగదు. ఊపిరితిత్తుల నుంచి విపరీతంగా రక్తం పడే రోగుల్లో పదింట తొమ్మిదిమందికి రక్తం వచ్చేది ఈ సన్నపైపుల నుంచే.

మామూలుగా సన్నగా ఉండే ఈ పైపులు ఎందుకు పగులుతాయి? క్షయ క్రిములు ఊపిరితిత్తి కణజాలాన్ని తినివేసి గుహలు చేస్తాయి. గుహ చుట్టూ వాపు. వాచినచోటికి రక్తం ఎక్కువ కావాలి గనుక శ్వాసనాళ ధమనులు లావెక్కి, మెలికలు తిరిగి, గోడలు పలచబడతాయి. ఒకనాడు గట్టిగా దగ్గితే చాలు! కొందరిలో గుహ గోడలో ఉన్న పుపుస ధమని కొమ్మే బుడగలా ఉబ్బి పగులుతుంది. ఈ బుడగను 1868లో వర్ణించిన రాస్ముసెన్ కూడా డెన్మార్కు వైద్యుడే. క్షయ నయమైనాక ఖాళీగా మిగిలిపోయిన గుహలో ఒక రకం బూజు ఉండలా పెరిగి రక్తం తెప్పించడమూ ఉంది.

చక్కెర చేసే అపకారం

క్షయ క్రిములు మన దేశంలో చాలామంది ఊపిరితిత్తుల్లో నిద్రపోతూ ఉంటాయి. స్థూలభక్షకాలు అనే తెల్లకణాలు వాటిని చుట్టుముట్టి కాపలా కాస్తుంటాయి. రక్తంలో చక్కెర ఎక్కువకాలం ఎక్కువగా ఉంటే ఈ కాపలావాళ్ళు మందకొడిగా తయారవుతారు. సమయానికి చేరరు, చేరినా క్రిములను సరిగా చంపలేరు. అందుకే మధుమేహం ఉన్నవాళ్ళకు క్షయ వచ్చే అవకాశం లేనివాళ్ళకంటే సుమారు మూడు రెట్లు. ఇక రెండోవైపు చూడండి. క్షయ జ్వరం శరీరానికి ఒక ఒత్తిడి. అడ్రినలిన్, కార్టిసోల్ వంటి హార్మోన్లు పెరుగుతాయి. ఇవి కాలేయంలో దాచిన చక్కెరను రక్తంలోకి తోసి, ఇన్సులిన్ పనికి అడ్డు తగులుతాయి. ఒక జబ్బు రెండోదానికి ఎరువు వేస్తుంది, రెండోది మొదటిదానికి నీళ్ళు కడుతుంది.

షుగరు పెద్దవాళ్ళ జబ్బు, తిండి ఎక్కువైనవాళ్ళ జబ్బు అని మనవాళ్ళ నమ్మకం. ఈ నమ్మకం పోవాలి. పిల్లల్లో, పడుచువాళ్ళలో శరీరం తన క్లోమంలోని ఇన్సులిన్ కణాలను తానే నాశనం చేసుకోవడం వల్ల వచ్చేది మొదటి రకం. ఇన్సులిన్ ఉన్నా పనిచేయకపోవడం రెండో రకం. ఇది కూడా ఇప్పుడు ఇరవైలలోనే కనిపిస్తున్నది. చిన్నతనంలో తిండి చాలక బక్కచిక్కిన పడుచువాళ్ళకు వచ్చే మరొక రకాన్ని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2025లో ఐదో రకంగా గుర్తించింది. దాని పరిశోధనలో మన పక్కనున్న వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యుల కృషి ఉంది. కరువులు చూసిన మన ప్రాంతం పిల్లలు ఈ సంగతి తెలుసుకుని ఉండటం మంచిది.

రోగి వచ్చాడు

ధర్మవరంలో మగ్గం నేసే ఒక యువకుణ్ణి అనుకుందాం. నాలుగు నెలలుగా దగ్గు. బరువు తగ్గాడు. సాయంత్రం జ్వరం. షుగరుకు ఇన్సులిన్ వేసుకునేవాడే గాని, ఆకలి లేదని నాలుగు రోజులుగా మానేశాడు. ఈ రాత్రి ఒక్కసారిగా గ్లాసెడు రక్తం పడింది. ఆసుపత్రికి తెచ్చారు.

డాక్టరు మొదట తేల్చుకోవలసింది, ఆ రక్తం ఊపిరితిత్తిదా, పొట్టదా అని. దగ్గుతో వచ్చేది నురగతో, ఎర్రగా ఉంటుంది. వాంతిలో వచ్చేది నల్లగా, కాఫీ పొడిలా, అన్నం మెతుకులతో ఉంటుంది. మీ ప్రయోగశాలలోని లిట్మస్ కాగితం కూడా ఇక్కడ పనికొస్తుంది! రక్తానికి క్షారగుణం స్వల్పంగా ఉంది కనుక ఊపిరితిత్తి నుంచి వచ్చినది ఎర్ర లిట్మస్‌ను నీలంగా మారుస్తుంది. పొట్టనుంచి వచ్చినదానిలో హైడ్రోక్లోరికామ్లం కలిసి ఉంటుంది గనుక నీలం లిట్మస్‌ను ఎర్రగా మారుస్తుంది.

రెండోది, ఏ పక్క? ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగంలో గుహ కనిపించిందనుకోండి. వెంటనే రోగిని కుడిపక్కకు తిప్పి పడుకోబెడతారు. ఖర్చులేని ఈ పనికి ఉన్న విలువ చాలా మందులకు లేదు. జబ్బుపక్క కిందికి ఉంటే, భూమ్యాకర్షణ వల్ల రక్తం అక్కడే నిలుస్తుంది. మంచి ఊపిరితిత్తి పైన ఉండి గాలి పీలుస్తుంది. వెల్లకిలా పడుకోబెడితే రక్తం రెండువైపులకూ పారుతుంది. ఎడమపక్కకు తిప్పితే మంచిదాన్ని మనమే ముంచినట్లు.

తర్వాత ముక్కుకు ఆక్సిజన్, చేతి సిరలో సెలైను, రక్తం గ్రూపు చూసి రెండు సంచులు సిద్ధం. ట్రానెక్సామిక్ ఆమ్లం అనే మందు ఇస్తారు. కట్టిన గడ్డ తొందరగా కరిగిపోకుండా అది కాపాడుతుంది. దీన్ని 1962లో జపానులో ఒకమోతో దంపతులు కనిపెట్టారు. రక్తం ఇంకా పడుతూనే ఉంటే వాయునాళంలోకి గొట్టం దించి, అవసరమైతే మంచి ఊపిరితిత్తికి మాత్రమే గాలి పోయేటట్లు చేస్తారు.

రెండు జబ్బులు కలిసే చోటు

ఇదంతా జరుగుతుండగా నర్సు వేలిమీద గుచ్చి ఒక చుక్క రక్తంలో చక్కెర చూస్తుంది. యంత్రం 480 అని చూపించిందనుకోండి. మూత్రంలో కీటోన్లు ఉన్నాయి. రోగి రొప్పుతున్నాడు. ఈ రొప్పు దేనివల్ల?

శ్రద్ధగా చదవండి, ఇది పాఠానికి గుండెకాయ. ఇన్సులిన్ లేకపోతే కణాలు చక్కెరను వాడుకోలేవు. ఆకలితో కొవ్వును కరిగించుకుంటాయి. ఆ కరగడంలో కీటోఆమ్లాలు పుట్టి రక్తం ఆమ్లం వైపు జరుగుతుంది. మామూలు రక్తం పి.హెచ్. 7.4. అది 7 దగ్గరికి దిగితే ప్రాణాపాయం. అప్పుడు శరీరం ఏంచేస్తుంది? రసాయనశాస్త్రంలో చదివిన సమీకరణం గుర్తు తెచ్చుకోండి. కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగితే కార్బోనిక్ ఆమ్లం. కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి తోసేస్తే ఆ మేరకు ఆమ్లం తగ్గుతుంది. అందుకే రోగి లోతుగా, వేగంగా, ఆగకుండా ఊపిరి తీస్తాడు. 1874లో దీన్ని వర్ణించిన జర్మన్ వైద్యుడు కుస్మాల్ పేరుతోనే ఈ శ్వాసను పిలుస్తారు. నోటినుంచి మిగలపండిన పండ్ల వాసన వస్తుంది.

అంటే మధుమేహం ముదిరిన రోగిని ఆ గంటల్లో బతికిస్తున్నది అతని ఊపిరితిత్తులే. మన యువకుడికి ఆ తలుపు కూడా రక్తంతో మూసుకుపోతున్నది! రక్తస్రావం ఒక్కటే అయితే కొంచెం తట్టుకునేవాడు. ఆమ్లం ఒక్కటే అయితే రొప్పుతూ నెగ్గుకొచ్చేవాడు. రెండూ కలిసినప్పుడు అతనికి సమయం లేదు.

కాబట్టి డాక్టర్లు ఒకటి అయ్యాక ఒకటి అనుకోరు. ఒక చేత్తో వాయుమార్గం, ఇంకొక చేత్తో ఆమ్లం. రొప్పుడు చూసి రక్తం అడ్డంపడటం వల్లనే అనుకుంటే ఆమ్లం సంగతి తప్పిపోతుంది. ఆమ్లం వల్లనే అనుకుంటే రక్తం సంగతి తప్పిపోతుంది. ధమని నుంచి రక్తం తీసి పి.హెచ్., ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ కొలిస్తే రెండింటి వాటా తెలుస్తుంది. అతణ్ణి కృత్రిమ శ్వాసయంత్రం మీద పెట్టవలసివస్తే ఇంకొక జాగ్రత్త ఉంది. యంత్రాన్ని అందరికీ పెట్టినట్లు నిమిషానికి 12, 14 శ్వాసలకు పెట్టకూడదు. తనంతట తాను 30 సార్లు ఊపిరి తీస్తూ ఆమ్లాన్ని తోసేస్తున్నవాడికి ఒక్కసారిగా సగానికి తగ్గిస్తే, నిద్రమత్తులోనే రక్తం ఆమ్లమైపోతుంది. యంత్రం కూడా కొంతసేపు అతనిలాగే రొప్పాలి.

ఇన్సులిన్‌ను సిరలోకి గంట గంటకూ కొలిచి కొద్ది కొద్దిగా ఇస్తారు. ఇన్సులిన్ చక్కెరతోపాటు పొటాషియంను కూడా కణాల్లోకి లాక్కుపోతుంది. రక్తంలో పొటాషియం బాగా పడిపోతే గుండె లయ తప్పుతుంది. అందుకని పొటాషియం చూసి, తక్కువగా ఉంటే ముందు దాన్ని ఎక్కించి, తర్వాతనే ఇన్సులిన్. చక్కెరను ఒక్కసారిగా నేలకు దించడమూ తప్పే. ఆమ్లం అదుపులోకి వచ్చాక ఇలాంటి పెద్దజబ్బులో సాధారణంగా 140, 180 మధ్య ఉంచుతారు. తగ్గిపోయిన చక్కెర పెరిగిన చక్కెరకంటే తొందరగా మెదడును దెబ్బతీస్తుంది.

మడవ కట్టడం

రక్తం తాత్కాలికంగా నిలిచింది. కాని పగిలిన పైపు అలాగే ఉంది. మళ్ళీ పడవచ్చు. పూర్వమైతే రొమ్ము కోసి ఊపిరితిత్తిలో ఆ భాగం తీసేయడమే. ఇంత జబ్బులో ఉన్న, చక్కెర అదుపులో లేని రోగికి ఆ కోత చాలా ప్రమాదం. 1970ల మొదట్లో ఫ్రాన్స్‌లో రెమీ అనే వైద్యుడు ఇంకొక దారి చూపాడు.

తొడ దగ్గర ధమనిలోకి రెండు మిల్లీమీటర్ల మందం కూడా లేని మెత్తటి గొట్టం ఎక్కిస్తారు. ఎక్స్‌రే తెరమీద చూస్తూ దాన్ని బృహద్ధమనిలో పైకి నడిపించి, లావెక్కిన శ్వాసనాళ ధమని నోటిలో దూరుస్తారు. ఎక్స్‌రేలో కనిపించే రంగుమందు వదిలితే మెలికలు తిరిగిన నాళాలు చెట్టు వేళ్ళలాగా తెరమీద కనిపిస్తాయి. అప్పుడు అర మిల్లీమీటరు లోపు ఉండే ప్లాస్టిక్ రేణువులను ఆ గొట్టంలోంచి వదులుతారు. అవి పోయి దారికి అడ్డం పడతాయి. మన రైతు పాదులోకి నీళ్ళు చాలనగానే మడవ కట్టినట్లే! ఎక్కువమంది రోగులకు ఆ బల్లమీద ఉండగానే రక్తం ఆగిపోతుంది. కొందరిలో వెన్నుపాముకు పోయే సన్నటి ధమని కూడా ఇక్కడినుంచే పుడుతుంది. పొరపాటున రేణువులు అందులోకి పోతే కాళ్ళు పడిపోతాయి. అందుకనే చేయి తిరిగిన వైద్యుడు, మంచి యంత్రం ఉన్న పెద్ద ఆసుపత్రులకే రోగిని పంపుతారు.

మధుమేహం ఇక్కడ కూడా అడ్డం వస్తుంది. ఆ రంగుమందు మూత్రపిండాలకు శ్రమ. షుగరు వల్ల మూత్రపిండాలు ముందే దెబ్బతిని ఉంటే, మెట్‌ఫార్మిన్ బిళ్ళలు వాడేవాళ్ళకు వాటిని కొద్దిరోజులు ఆపుతారు.

షుగరు రోగి ఊపిరితిత్తి నుంచి రక్తం పడితే డాక్టర్లు క్షయతోనే సరిపెట్టుకోరు. 2021లో కోవిడ్ తర్వాత నల్ల ఫంగస్ అని పత్రికల నిండా చదివాం. ఆ బూజుకు రక్తనాళాలంటేనే ఇష్టం. రక్తం ఆమ్లమైతే, మామూలుగా ప్రోటీనుకు అంటుకుని ఉండే ఇనుము విడిపోయి ఈ బూజుకు తిండి అవుతుంది. దానికి మందు వేరు, కొన్నిసార్లు కోతా తప్పదు.

ఆరు నెలల పని

రక్తం ఆగింది, ఆమ్లం దిగింది. క్రిములు మాత్రం ఉన్నాయి. గళ్ళ పరీక్షలో క్షయ తేలితే, మందులకు లొంగని రకం కాకపోతే, మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులు రోజూ వాడాలి. ఇందుకు ఆసుపత్రిలోనే ఉండనక్కర్లేదు. 1956లో మద్రాసులో మొదలైన ఒక అధ్యయనం, పేదవాళ్ళ ఇరుకు ఇళ్ళలో ఉంటూ మందులు వాడినవాళ్ళు కూడా శానిటోరియంలో ఉన్నవాళ్ళలాగే కోలుకుంటారని 1959లో ప్రపంచానికి చూపింది. శానిటోరియాల కాలం ముగిసిందనడానికి అదొక గుర్తు.

ఆ మందుల్లో ఒకటి ఇథాంబుటాల్. ఇది అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో 1961లో బయటపడింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1948లో చనిపోయేదాకా పరిశోధనలు నడిపించింది ఆ శాలలోనే. ఇంకొకటి రిఫాంపిసిన్. దానికి మూలమైన పదార్థం తీసిన ఇటలీ శాస్త్రజ్ఞులు, అప్పట్లో ఆడుతున్న 'రిఫిఫి' అనే దొంగల సినిమా పేరును సరదాగా దానికి పెట్టారు. ఈ రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం నారింజ రంగులో వస్తుంది. రక్తం పడిందేమోనని ఇంట్లోవాళ్ళు గోల చేస్తారు, మందే మానిపిస్తారు. అది మందు రంగు, అంతే.

షుగరు ఉన్నవాళ్ళకు రిఫాంపిసిన్‌తో ఒక తంటా ఉంది. అది కాలేయంలోని ఎంజైములను మేల్కొలుపుతుంది. అవి గ్లిబెన్‌క్లమైడ్ వంటి షుగరు బిళ్ళలను కూడా తొందరగా విరగ్గొట్టేస్తాయి. నిన్నటిదాకా చాలిన బిళ్ళ నేడు చాలదు. అందుకే జబ్బు తీవ్రంగా ఉన్న రోజుల్లో ఇన్సులిన్ మేలంటారు. ఐసోనియాజిడ్ అనే ఇంకొక మందు నరాలకు తిమ్మిరి తెస్తుంది, షుగరు కూడా తెస్తుంది. రెండూ కలవకుండా బి6 విటమిన్ బిళ్ళ ఇస్తారు. ఇథాంబుటాల్ కొందరిలో చూపును దెబ్బతీస్తుంది గనుక కళ్ళు చూపించుకోవాలి.

ఇక తిండి. నూరేళ్ళనాటి ఆ చిక్కు ఇప్పుడు లేదు. ఇన్సులిన్ ఉంది గనుక రోగి కడుపునిండా తినవచ్చు. పప్పు, గుడ్డు, పాలు, శనగవిత్తనాలు, రాగిసంకటి. ఎంత తింటాడో దాన్నిబట్టి ఇన్సులిన్ లెక్క కడతారు. క్షయరోగుల తిండికి కేంద్ర ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చింది, 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేసింది.

మీ ఇంట్లో జరిగితే

దగ్గులో రక్తం పడితే మనవాళ్ళు మొదట చేసేది మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, చల్లదనానికని మజ్జిగ తాగించడం. రెండూ చేయనీయకండి. కూర్చుని ముందుకు వంగగలిగితే అలా ఉండనీయండి, లేకపోతే పక్కకు తిప్పండి. ఏ పక్క జబ్బుందో ముందే తెలిస్తే ఆ పక్కే కిందికి. దగ్గు ఆపే మందు పోయకండి. దగ్గే లోపలి రక్తాన్ని బయటికి తెస్తున్నది. 108కి ఫోను చేయండి. పడిన రక్తాన్ని ఒక గిన్నెలో పట్టి, మూతపెట్టి తీసుకుపోతే ఎంత పడిందో డాక్టరుకు తెలుస్తుంది. షుగరు మందు ఏది, చివరిసారి ఎప్పుడు వేసుకున్నాడు, ఎప్పుడు తిన్నాడు, ఇవి కాగితంమీద రాసుకోండి. దగ్గరుండేవాళ్ళు ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోవాలి. రక్తం చారికగా కొంచెమే పడినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గళ్ళ పరీక్ష చేయించాలి. క్షయ తేలినవాళ్ళకు షుగరు పరీక్ష, షుగరు ఉండి దగ్గు వదలనివాళ్ళకు క్షయ పరీక్ష చేయాలన్నది ఇప్పుడు ప్రభుత్వ నియమం.

ఇంకొక సంగతి. ఆరు నెలల మందులతో క్రిములు చచ్చినా కొందరిలో గుహ పూర్తిగా పూడదు. అయిదేళ్ళకో పదేళ్ళకో అదే గుహలోంచి మళ్ళీ రక్తం పడవచ్చు. జబ్బు నయమైంది గదా అని పాత ఎక్స్‌రే ఫిల్ములను కిటికీలకు అడ్డం పెట్టే ఇళ్ళు మన ఊళ్ళల్లో చాలా ఉన్నాయి. వాటిని మడత పడకుండా కవరులో పెట్టి, కవరుమీద తేదీతోపాటు 'కుడి' అనో 'ఎడమ' అనో పెద్ద అక్షరాలతో రాసి, ఇంట్లో అందరికీ తెలిసినచోట ఉంచండి. అర్ధరాత్రి అవసరం పడితే, ఏ పక్కకు తిప్పాలో ఆ కవరే చెబుతుంది.